పెద్ద చేసిన పటం

ఆ వానాకాలం మా ఇంట్లో యుద్ధం పొద్దున్న ఆరున్నరకి మొదలయ్యేది.

ఆ వేళకి మా అత్తగారు లేచి టీవీ పెట్టేవారు. ఆవిడకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. వానలు తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నాడు డాక్టరు. కళ్ళకి ఆననిది చెవులతోనైనా పట్టుకోవాలని ఆవిడ పట్టుదల. అందుకని ఆ పెట్టె ఎంత అరవగలదో అంతా అరిపించేవారు. నేను గడ్డం గీసుకుంటుంటే గోడకున్న అద్దం అదిరేది. మూడు సముద్రాల అవతల ఫిరంగి పేలితే ఇక్కడ నా చెంప తెగేది.

“కాస్త తగ్గించమనవే మీ అమ్మని,” అనేవాణ్ణి మా ఆవిడతో.

“మీ తమ్ముడే అక్కడుంటే తగ్గించేవారా?” అనేది.

నాకు తమ్ముళ్ళు లేరు. ఉన్నవాడు బావమరిది ఒక్కడే, వాడే అక్కడున్నాడు. ఆ దేశపు రేవులో క్రేన్ నడుపుతాడు. రెండేళ్ళ కాంట్రాక్టు ఇంకో నెల్లాళ్ళలో ముగుస్తుందనగా ఆ దేశం మీదికి యుద్ధం వచ్చిపడింది. కాంట్రాక్టు పూర్తిచేసినట్టు కాగితం చేతికొస్తే ఏ రేవులోనైనా పిలిచి పని ఇస్తారు. మధ్యలో వదిలేసి వస్తే రెండేళ్ళ కష్టం గాలికి పోయినట్టే. అదీ వాడి ఇరకాటం.

నాది ఇంకో రకం. నేను యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెబుతాను. పటాలు చదవడం, గీయడం, కొలవడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాబట్టి భూమ్మీద ఎక్కడ ఏం జరిగినా దానికి నేనే జవాబుదారీ అని అందరూ అనుకుంటారు. స్టాఫ్ రూములో లెక్కల లెక్చరరు టీ ఊదుకుంటూ, “ఎవరు గెలుస్తారంటారు?” అని అడిగేవాడు.

“నేను నదులు చెబుతానండీ, గెలుపులు చెప్పను.”

“నదులు తెలిసినవాడికి ఆ మాత్రం తెలియదా?” అని నవ్వేవాడు. మా డిపార్ట్‌మెంటు హెడ్డు మరీ అన్యాయం. “యుద్ధం మీద పిల్లలకి ఓ అరగంట మాట్లాడండి. చివర్లో శాంతి గురించి రెండు ముక్కలు. ఆ హాజరు పట్టీలు కూడా శుక్రవారానికల్లా ఇచ్చెయ్యండి,” అన్నాడు. శాంతీ హాజరు పట్టీలూ ఆయనకి ఒకటే ఫైలు. నాకు మాట తక్కువ. పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. అక్కడ ఎక్కువ మాట్లాడితే ఎండలో నిలబెట్టేవారు. ఆ అలవాటు పోలేదు. సరేనని తలూపి ఏదీ ఇవ్వలేదు.

మా ప్రాక్టికల్ గది కప్పు మూడు చోట్ల కారేది. మూడు బకెట్లు పెట్టి, వాటి మధ్య బల్లలు సర్దుకుని పాఠం చెప్పాలి. ఆ వారం చెప్పింది స్కేలు పాఠం. ప్రతి ఏడూ చెబుతాను. ప్రతి ఏడూ సగం మంది అదే తప్పు చేస్తారు.

“పటం కింద ‘ఒక సెంటీమీటరుకి ఇరవై కిలోమీటర్లు’ అని రాసుంటుంది. బాగుంది. దాన్ని తీసుకెళ్ళి జిరాక్స్ షాపులో రెండింతలు చేయించారు. ఇప్పుడు రెండు ఊళ్ళ మధ్య ఉన్న గీత రెండింతలైంది. కింద రాసిన ఇరవై? అది ఇరవైగానే ఉంటుంది. తను అబద్ధమైపోయానని అంకెకి తెలియదు. తెలుసుకోవలసింది మీరు. అప్పుడేం చెయ్యాలి?”

బకెట్లో చినుకు పడింది.

“ఇరవైని సగం చేసుకోవాలి. పది. అంతే. అది మర్చిపోయి ఇరవైతో గుణిస్తారు, పక్కూరు వెళ్ళి పక్క దేశంలో పడుతుంది. కాగితం పెద్దదైతే…”

“ఊళ్ళు దూరం జరగవు నాయనా!” అని క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది. ఆ మాట నా పేరు మీద ఆ యూనివర్సిటీలో ఎన్నేళ్ళుగా తిరుగుతోందో. హాస్టలు గోడ మీద కూడా రాశారని విన్నాను.

“నవ్వండి. పరీక్షలో రెండు మార్కులు కోస్తాను, అప్పుడు చూస్తాను నవ్వు.”

చివరి బల్ల మీద తడిసి ముద్దయిన కుర్రాడొకడు కూర్చునేవాడు. వాణ్ణి అందరూ గొడుగు అంటారు. ఎంత వానొచ్చినా గొడుగు చంకలో పెట్టుకుని తడిసే వస్తాడు. తెరవచ్చు కదరా అంటే, “కొత్తది సార్, తడిస్తే పాడైపోతుంది,” అన్నాడొకసారి. వాడికి స్కేలు నేర్పాలి నేను.

ఇంటికి వస్తే ఇంకో క్లాసు. అత్తగారు నా అట్లాసు ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు. మనవాడెక్కడ, వాళ్ళెక్కడ అని అడిగేవారు. ఆవిడకి అక్షరాలు రావు, వచ్చినా ఆనవు. నేను ఆవిడ వేలు పట్టుకుని రేవు మీద పెట్టేవాణ్ణి. రెండో వేలు నది ఒడ్డునున్న ఊరి మీద. అక్కడ వంతెన దగ్గర రెండు సైన్యాలూ వారం రోజులుగా కొట్టుకుంటున్నాయి.

“ఎంత దూరం బాబూ?”

“చాలా దూరం అత్తయ్యా.”

“చాలా అంటే?”

“చాలా అంటే చాలా.” ఆవిడ నమ్మకుండా రెండు చుక్కల మధ్యా తన వేళ్ళు పరిచి చూసుకునేవారు. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టేవి.

రోజూ ఆ అట్లాసు, ఆ వేళ్ళు, ఆ చాలా. ప్రాణం విసిగిపోయి ఒక ఆదివారం ఆ పేజీ తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళాను. రెండింతలు చేయించి, ఊళ్ళ మీద ఎర్ర సిరాతో ఇంత ఇంత చుక్కలు పెట్టి, హాల్లో ఫోన్ ఉన్న బల్ల పైన గోడకి అంటించాను.

అత్తగారు గోడకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి చూశారు. వేళ్ళు పరిచారు. నాలుగు వేళ్ళు చాల్లేదు. రెండో చెయ్యి కూడా పక్కన పెట్టారు. మొహం విప్పారింది.

“ఇందులో మావాడు దూరంగా ఉన్నాడు. ఇదే నయం, ఇదే ఉంచండి.”

మా ఆవిడ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో కూడానా? “అత్తయ్యా, కాగితం పెద్దదైతే ఊళ్ళు దూరం జరగవు. అంతే దూరంలో ఉన్నాయి,” అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

“అలాగా,” అన్నారావిడ. చేతులు తీసేశారు.

నేనే అన్నాను ఆ మాట. ఆ గోడ దగ్గరే, నా నోటితోనే.

మంగళవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. మంగళ, శుక్రవారాల్లో కంపెనీ ఆఫీసు ఫోన్ వాళ్ళ వంతు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఇప్పటిలా చేతిలో ఫోన్ తీసి పటం చూసుకునే రోజులు కావవి. టీవీలో అప్పుడే చెబుతున్నారు: వంతెన పోయింది, సైన్యం నది దాటింది, రోజుకి ఇరవై కిలోమీటర్ల చొప్పున రేవు వైపు వస్తోంది.

“బావా, టైం లేదు, విను,” అన్నాడు. వాడి గొంతు వెనకే దాని నీడలా అదే మాట మళ్ళీ వినపడుతోంది. “ఎల్లుండి గురువారం కంపెనీ బస్సు ఒకటి సరిహద్దుకి పోతోంది. కావలసినవాళ్ళు ఎక్కచ్చన్నారు. ఇంకోటి వచ్చే వారం శుక్రవారం. నా కాంట్రాక్టు ఆ ముందురోజుతో అయిపోతుంది. ఒక్కరోజు తేడా బావా. ఏం చెయ్యమంటావు?”

“అక్కడివాళ్ళేమంటున్నారు?”

“ఒకడు వంద కిలోమీటర్లంటాడు, ఒకడు మూడొందలంటాడు. వాళ్ళకే తెలీదు. నువ్వు పటాల మనిషివి. నువ్వు చెబితే అదే ఖాయం.”

ఫోన్‌లో ఏదో పెనుగులాట, నవ్వు. ఇంకో గొంతు వచ్చింది. “బావగారూ, నేను వెల్డర్ని, మీవాడి గదిలోనే ఉంటాను. నన్ను కూడా కలిపి కొలవండి. విడిగా శ్రమ పెట్టను.”

“ఇవ్వరా ఫోను,” అని బావమరిది లాక్కున్నాడు.

నేను జేబులోంచి స్కేలు తీశాను. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, గోడ మీద రెండు ఎర్ర చుక్కల మధ్య పెట్టాను. టీవీ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. “తగ్గించండి అత్తయ్యా!” అని అరిచాను. పదమూడు సెంటీమీటర్లు. పటం కింద చూశాను. ఒక సెంటీమీటరుకి ఇరవై. పదమూడు ఇరవైలు.

“రెండొందల అరవై,” అన్నాను. “రోజుకి ఇరవై అంటే పదమూడు రోజులు. నీ రెండో బస్సు పదో రోజు.”

“మూడు రోజులు మిగులుతున్నాయన్నమాట.”

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. “ముందు బస్సుకే రమ్మనండి. ఆ కాగితం లేకపోతే పోయింది.”

“లెక్క చెబుతుంటే మధ్యలో నీ భయాలు కలపకు,” అన్నాను. ఫోన్‌లో, “తొందరేం లేదు. కాగితం తీసుకునే రా,” అన్నాను.

“అదీ! మా బావంటే బావే,” అన్నాడు. ఎవరితోనో, “తొందర లేదంట్రా!” అని కేకేయడం వినపడింది. మూడు నిమిషాలయ్యాయి, లైను కట్టయింది.

అత్తగారు రిమోట్ చేతిలో పట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. నేను గమనించాను. అడిగితే మళ్ళీ ఓ గంట పాఠం చెప్పాలని, గమనించనట్టు అక్కణ్ణించి వెళ్ళిపోయాను.

శుక్రవారం ప్రాక్టికల్ పరీక్ష పెట్టాను. రెండింతలు చేసిన పటం ఒకటి ఇచ్చి, రెండు ఊళ్ళ మధ్య దూరం కట్టమన్నాను. అనుకున్నట్టే సగం మంది బోల్తాపడ్డారు. కాగితాలు అక్కడే దిద్ది ఇచ్చేస్తుంటే గొడుగు లేచి నా బల్ల దగ్గరికొచ్చాడు. చంకలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“సార్, నాకు రెండు మార్కులు కోశారు.”

“కోశాను. ఇరవైతో ఎందుకు గుణించావు?”

“కింద ఇరవై అనే రాసుంది కద సార్. రాసున్నదే కద వేశాను.”

“రాసున్నదల్లా వేసేస్తే ఇక నువ్వెందుకురా, ఈ చదువెందుకు? ఎన్నిసార్లు చెప్పాను? గొంతు చించుకుని చెప్పానా లేదా? పటం పెద్ద చేశాక ఆ అంకె చచ్చిపోయినట్టే అని చెప్పానా? కాగితం పెద్దదైతే ఊళ్ళు…”

అక్కడ ఆగిపోయాను.

“దూరం జరగవు నాయనా!” అంది క్లాసు. బల్లలు చరిచారు.

బకెట్లో ఒక చినుకు పడింది. కాసేపటికి ఇంకోటి పడింది. పదమూడు పదులు నూట ముప్ఫై. ఆరున్నర రోజులు. అందులో మూడు అప్పుడే అయిపోయాయి. మొదటి బస్సు నిన్న పొద్దున్నే వెళ్ళిపోయింది.

“సార్?” అన్నాడు గొడుగు. “వేస్తారా సార్, రెండూ?”

వాడి కాగితం వాడి చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. వరండాలో హెడ్డు ఎదురయ్యాడు. “హాజరు పట్టీలు శుక్రవారమన్నాను, ఇవాళ శుక్రవారం,” అన్నాడు. ఆయన్ని పక్కకి నెట్టినంత పని చేసి నడిచాను.

ఇంటికొచ్చి పటం ముందు నిలబడి మళ్ళీ కొలిచాను. తప్పు కొలతలో లేదు. కొలత ఎప్పుడూ సరిగ్గానే ఉంది. ఆ కంపెనీ నంబరుకి సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను. నిన్నటినుంచి ఆ దేశానికి లైన్లు లేవని ఎక్స్ఛేంజీలో అమ్మాయి ప్రతిసారీ అదే మర్యాదతో చెప్పింది. ఆ అమ్మాయి మర్యాద మీద కూడా కోపం వచ్చింది. శుక్రవారం వాళ్ళ వంతు కదా, వస్తుందేమోనని ఫోన్ ముందే కూర్చున్నాను. ‘వెంటనే బయల్దేరు, నేను తప్పు చెప్పాను.’ అయిదు మాటలు. నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. రాలేదు.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. పటం సంగతి, సగం సంగతి, రోజుల సంగతి. స్టవ్ ఆపేసింది. గిన్నె మీద మూత పెట్టింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. “నేను చెప్పాను,” అంటుందనుకున్నాను. అనలేదు. ఆ మాట అని తిడితే నాకు కాస్త తేలికయ్యేది.

“అమ్మకి చెప్పకండి,” అంది. అంతే.

మర్నాడు శనివారం. అత్తగారు మామూలుగానే పిలిచారు. “ఇవాళ ఎంతలో ఉన్నారు బాబూ?”

టీవీలో చెప్పిన ఊరు వెతికి చుక్క పెట్టాను. స్కేలు పెట్టాను. అయిదు సెంటీమీటర్లు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

“వంద,” అన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఎంతమంది నోట ఆ జవాబు విన్నానో, ఎన్ని కాగితాల మీద ఎర్రగీత గీశానో. ఇప్పుడు తెలిసి తెలిసి నేనే చెప్పాను. అత్తగారు మూడు వేళ్ళు పెట్టి చూసుకుని ఊరుకున్నారు.

ఆదివారం నేను స్కేలు తియ్యబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఇక కొలవకండి బాబూ.”

“ఏం అత్తయ్యా?”

“పుస్తకంలో నాలుగు వేళ్ళు. ఇందులో ఎనిమిది. కాగితం పెద్దదైతే ఊళ్ళు కదలవని మీరే చెప్పారు. మంగళవారం మీరు ఫోన్లో రెండొందల అరవై అంటే, ఇది ఏ వేళ్ళ లెక్కా అనుకున్నాను. అడుగుదామనుకున్నాను.” ఆగారు. “చదువుకున్నవారు మీరు. నాకు తెలిసింది మీకు తెలియదా అని ఊరుకున్నాను.”

టీవీ కట్టేశారు. నెల్లాళ్ళ తర్వాత మా ఇంట్లో వాన చప్పుడు వినపడింది. ఇన్నాళ్ళూ ఆ శబ్దం తగ్గించమని మొత్తుకున్నది నేనే. ఆ పూట మాత్రం ఎవరైనా మళ్ళీ పెడితే బాగుండుననిపించింది.

సోమవారం సాయంత్రం సైన్యం రేవులోకి వచ్చేసిందని స్టాఫ్ రూములో లెక్కల లెక్చరరే చెప్పాడు. “మీరు నదులు చెబుతానంటారు కానీ, చూశారా, ఎంత తొందరగా వచ్చేశారో!” అన్నాడు. వాళ్ళు తొందరగా రాలేదు. నా పటం ప్రకారం ఆరున్నర రోజులు; ఆరో రోజుకి వచ్చారు.

పదిహేడు రోజులు ఏమీ తెలియలేదు. ఆ పదిహేడు రోజులూ పాఠాలు చెప్పాను. హాజరు వేశాను. నేలల గురించి, గాలుల గురించి ఏం చెప్పానో నాకు గుర్తులేదు. హెడ్డు పట్టీలు అందుకుని, “ఆలస్యమైనా నీట్‌గా ఉన్నాయి,” అన్నాడు. ఇంట్లో ముగ్గురం ఒకరికొకరు అడ్డం రాకుండా తిరిగాం. మా ఆవిడ గోడ మీద పటం తియ్యలేదు. నేనూ తియ్యలేదు. రోజూ తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచేది.

పద్దెనిమిదో రోజు సరిహద్దు శిబిరం నుంచి ఫోన్ వచ్చింది. “బతికే ఉన్నాను, కాగితాలు చేస్తున్నారు,” అన్నాడు. మిగతాది అత్తగారి ఏడుపులో వినపడలేదు.

ఇంకో వారానికి ఇంటికొచ్చాడు. చేతిలో సంచి లేదు. కాళ్ళకి బూట్లున్నాయి కానీ ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది. గుమ్మం దగ్గర వాటిని విప్పి పక్కపక్కనే పెట్టి, కాసేపు చూసి, విడివిడిగా పెట్టాడు. అత్తగారు వాడి మొహమంతా చేతులతో తడిమారు. చెవులు, ముక్కు, భుజాలు. వేళ్ళు లెక్కపెట్టారు. ఉన్నాయి అన్నీ.

“నల్లబడ్డావురా.”

“నీకు కళ్ళు కనబడవు కదే, నల్లబడ్డానని ఎలా తెలిసింది?” అన్నాడు. మా ఆవిడ నవ్వుతూ ఏడ్చింది.

టీ తాగాక అడిగాను. “నీ గదిలో వెల్డర్ ఎక్కడ దిగాడు?”

“వాడు రాలేదు బావా,” అన్నాడు. “నడక మొదలెట్టిన రెండో రోజు రోడ్డు మీద బాంబు పడింది. మంచినీళ్ళు తెస్తానని బాటిల్ తీసుకుని వెళ్ళాడు. నేను చెట్టుకింద ఉన్నాను, వాడు పంపు దగ్గరున్నాడు.” గ్లాసు బోర్లించి బల్ల మీద పెట్టాడు. “వాళ్ళు అనుకున్నదానికన్నా ముందే వచ్చేశారు బావా. నీ లెక్కకి కూడా అందలేదు.”

మా ఆవిడ నా వైపు చూసి తల తిప్పుకుంది. వాడు రోడ్డు మీద ఎండిన పెదాలతో నడిచి వచ్చి కూడా నన్నే వెనకేసుకొస్తున్నాడు. అది భరించడం కష్టంగా ఉంది. అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న నేను బయల్దేరబోతుంటే వాడు పటం ముందు నిలబడి ఉన్నాడు.

“ఇదేనా నువ్వు కొలిచింది?”

“ఇదే.”

“రేవు ఇది. సరిహద్దు ఇది. మూడు రోజుల్లో నడిచాం బావా. ఎంత నడిచామో కొలిచి చెప్పు. పిల్లలు పుడితే చెప్పుకోవాలి కదా.”

స్కేలు తీశాను. తొమ్మిది సెంటీమీటర్లు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. తొమ్మిది ఇరవైలు నూట ఎనభై. ఆ మాటంటే వాడికి గర్వంగా ఉంటుంది. అంతటితో అయిపోతుంది.

“తొంభై,” అన్నాను.

వాడు క్రేన్ నడిపే మనిషి. కొలతల్లో బతికినవాడు. వంగి పటం కింద చూశాడు. “సెంటీమీటరుకి ఇరవై అని ఉంది కదా బావా?”

“అది చెల్లదు. పటం రెండింతలు చేయించాను, అత్తయ్యకి ఆనాలని. సగం వెయ్యాలి.”

వాడు పటాన్నే చూస్తున్నాడు. వాడి వేలు రేవు మీంచి నది ఒడ్డు ఊరి దాకా నెమ్మదిగా వెళ్ళింది.

“ఆ రోజు సగం వేశావా?”

“వెయ్యలేదు.”

వేలు అక్కడే ఉంది. “వాడు ముందు బస్సుకే పోదామన్నాడు బావా. సంచి కూడా సర్దుకున్నాడు. ‘మా బావ చెప్పాడు, తొందర లేదు’ అని నేనే ఆ సంచి విప్పించాను,” అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

పటం వైపు చూస్తూనే మళ్ళీ అన్నాడు, “వాళ్ళమ్మకి ఉత్తరం రాయాలి. వస్తూ అడ్రసు తెచ్చాను. నాకు చేతకాదు. నువ్వు రాయి.”

“రాస్తాను.”

“అంతా రాయి. ఇది కూడా,” అన్నాడు, పటం మీంచి వేలు తీస్తూ.

ఆ ఉత్తరం ఇంట్లో కుదరలేదు. డిపార్ట్‌మెంటులో నా గదిలో, మధ్యాహ్నం క్లాసులయ్యాక మొదలుపెట్టాను. ‘అమ్మా, మీ అబ్బాయికి ఒక దూరం నేను తప్పు చెప్పాను’ అని రాసి, తర్వాతి వాక్యం కోసం కూర్చున్నాను. తలుపు తోసుకుని గొడుగు వచ్చాడు. మామూలుగానే తడిసి ఉన్నాడు.

“సార్, రేపు మార్కులు పైకి పంపేస్తారట. నాకు ఆ రెండూ వేస్తే పాసైపోతాను.”

“ఏ రెండు?”

“స్కేలువి సార్. రెండు మార్కులే కద సార్. చూసీ చూడనట్టు వదిలెయ్యండి.”

ఇంకో రోజైతే వాడి గొడుగు వాడి నెత్తినే విరిచేవాణ్ణి. ఉత్తరం పక్కకి జరిపి, కుర్చీ చూపించాను. పరీక్ష పటం, నా స్కేలు వాడి ముందు పెట్టాను. “కొలువు,” అన్నాను.

వాడు నాలిక పళ్ళమధ్య పెట్టుకుని కొలిచాడు. చొక్కా చేతుల్లోంచి నీళ్ళు కారి పటం అంచు తడిసింది. కింద రాసిన ఇరవై మీద వేలు పెట్టాడు. నా మొహం వైపు చూశాడు. నేను ఆ ఊళ్ళ మాట ఈసారి అననని వాడు కాసేపు ఎదురుచూసి గ్రహించాడు. వేలు తీసి, పెన్సిలుతో ఇరవై కొట్టేసి పక్కన పది రాసుకున్నాడు. గుణించాడు. జవాబు సరిగ్గా ఉంది.

“ఇప్పుడు వచ్చింది కద సార్?”

“వచ్చింది,” అన్నాను.

మార్కులు మాత్రం వెయ్యలేదు.